అంటార్కిటికా ఓడకు డబ్బు కట్టించుకునేవారు ముందుగా చెప్పవలసినవి

సంపాదకులవారికి నమస్కారం.

కొంతకాలంగా నెల్లూరు, ఒంగోలు పట్టణాల్లో ట్రావెల్ ఏజెంట్ల ప్రకటనల్లో కాశీ, రామేశ్వరం, సింగపూర్‌ల సరసన అంటార్కిటికా పేరు కూడా కనబడుతోంది. ఉద్యోగ విరమణ చేసినవారు, పిల్లలు విదేశాల్లో స్థిరపడినవారు ఈ యాత్ర గురించి ఆసక్తిగా వాకబు చేస్తున్నారు. ముప్పై ఏళ్ళకు పైగా ఉన్నత పాఠశాలలో సాంఘిక శాస్త్రం చెప్పి, గ్లోబు అడుగున ఉన్న తెల్లని భాగాన్ని పిల్లలకు వేలితో చూపించిన నేను, గత డిసెంబరులో మా అమ్మాయి, అల్లుడు చేసిన ఏర్పాటు వల్ల ఆ నేల మీద అడుగుపెట్టి వచ్చాను. అదే నెలలో వేరొక ఓడలో వెళ్ళిన కావలి అన్నయ్య (మా పెదనాన్నగారి అబ్బాయి), వదినతో కలిసి అంతదూరం వెళ్ళి కూడా అడుగుపెట్టకుండానే తిరిగి వచ్చారు. ఈ తేడా ఎందుకు వచ్చిందో నలుగురికీ తెలియాలని ఈ లేఖ రాస్తున్నాను.

అన్నయ్య ఎక్కిన ఓడలో వెయ్యిమందికి పైగా ప్రయాణికులు ఉన్నారు. ఐదు వందలమందికి మించి ప్రయాణికులున్న ఓడ అంటార్కిటికాలో ఎవరినీ ఒడ్డుకు దించకూడదు. చిన్న ఓడ అయినా ఒక చోట ఒకేసారి నూరుమందికి మించి ఒడ్డున ఉండకూడదు. 1991లో ఏర్పడిన అంటార్కిటికా యాత్రా నిర్వాహకుల అంతర్జాతీయ సంఘం ఈ నియమాలను పాటిస్తోంది, అంటార్కిటికా నిర్వహణ కోసం కుదిరిన అంటార్కిటిక్ ఒప్పందంలోని దేశాలు కూడా 2009లో వీటికి అంగీకారం తెలిపాయి. అంటే అన్నయ్యా వదినలు డబ్బు కట్టిన రోజునే వారు ఒడ్డు ఎక్కరన్న సంగతి నిశ్చయమైపోయింది. డబ్బు కట్టించుకున్న ఏజెంటు మాత్రం పెంగ్విన్ల మధ్య మనుషులు నడుస్తున్న ఫొటోలు చూపించాడే తప్ప, ఆ ఒక్క మాట చెప్పలేదు. ఓడ పైఅంతస్తు నుంచి మంచుకొండలను చూడటం కూడా గొప్ప అనుభవమేనని నేను ఒప్పుకుంటాను, వయసు మళ్ళినవారికి కొన్నిసార్లు అదే మేలు కావచ్చు. కానీ ఏది కొంటున్నామో తెలిసి కొనడం వేరు, ఒకటి చూపించి మరొకటి అమ్మడం వేరు.

ఒడ్డుకు దింపే చిన్న ఓడలలోనూ ముందుగా తెలుసుకోవలసినవి చాలా ఉన్నాయి. అర్జెంటీనాలోని ఉషుఆయా రేవు నుంచి బయలుదేరి బీగిల్ చానెల్ దాటగానే డ్రేక్ పాసేజ్ వస్తుంది. దక్షిణ అమెరికా కొసకూ అంటార్కిటికా దీవులకూ మధ్య సుమారు 800 కిలోమీటర్ల వెడల్పున్న ఆ జలసంధిలో సముద్రాన్నీ గాలినీ అడ్డుకునే నేల తూర్పునా పడమరా లేదు. దాన్ని దాటడానికి దాదాపు రెండు రోజులు పట్టింది, ఆ రెండు రోజుల్లో మా ఓడలో సగంమంది భోజనాల గదికి రాలేదు. మైపాడు తీరంలో పుట్టి పెరిగినవాడిని కనుక సముద్రం నాకు కొత్త కాదనుకున్నాను. అయినా మంచం కమ్మీ పట్టుకుని పడుకున్న ఆ మొదటి రాత్రిని ఇప్పటికీ మరిచిపోలేదు.

ఇక ఒడ్డుకు దిగడం గురించి కొంచెం వివరంగా చెప్పాలి. దిగడానికి ముందురోజు మా కోట్లు, సంచులు, టోపీలు అన్నింటినీ వాక్యూమ్ క్లీనర్‌తో శుభ్రం చేయించారు. జేబు మూలల్లోనూ వెల్క్రో పట్టీల్లోనూ ఇరుక్కున్న గడ్డి గింజలను చిన్న పట్టకార్లతో ఏరి తీశారు. ఎక్కడో మన పొలంగట్టు మీద అంటుకున్న ఒక్క విత్తనం అక్కడ మొలకెత్తినా నష్టమేనని వారు చెప్పినప్పుడు, నా పాత స్వెట్టర్ అంచులో దొరికిన పల్లేరుకాయ ముల్లును చూసి నిజంగా సిగ్గుపడ్డాను. ఒడ్డుకు వెళ్ళేటప్పుడూ, తిరిగి వచ్చేటప్పుడూ బూట్లను మందు కలిపిన నీటిలో ముంచి, బ్రష్‌తో రుద్దాలి. తినే వస్తువు ఏదీ ఓడ దాటకూడదు. జోడియాక్ అనే రబ్బరు పడవలో పదిమంది చొప్పున తీసుకెళ్ళి దించుతారు. పెంగ్విన్‌కు కనీసం ఐదు మీటర్ల దూరంలో ఉండాలి, అది మన దారికి అడ్డంగా వస్తే మనమే ఆగి దారి ఇవ్వాలి. క్రిల్ అనే చిన్న రొయ్యలాంటి జీవిని తినడం వల్ల వాటి రెట్ట గులాబీరంగులో ఉంటుంది. నేలపట్టులో గూడబాతుల చెట్ల కింద నిలబడినవారికి ఆ వాసన కొంతవరకు పరిచయమే.

ఏజెంట్లు ఎవరూ చెప్పని ముఖ్యమైన సంగతి మరొకటి ఉంది. 2023 అక్టోబరులో దక్షిణ అట్లాంటిక్‌లోని దక్షిణ జార్జియా దీవుల ప్రాంతంలోనూ, 2024 ఫిబ్రవరిలో అంటార్కిటికా ప్రధాన భూభాగంలోనూ బర్డ్ ఫ్లూ నిర్ధారణ అయింది. కోళ్ళకు ఈ జబ్బు వస్తే ఏమవుతుందో నెల్లూరు జిల్లావారికి వేరే చెప్పనక్కరలేదు. అందువల్ల ఒడ్డున బూట్లు తప్ప శరీరంలో మరే భాగమూ, చేతిలో ఉన్న ఏ వస్తువూ నేలను తాకకూడదు. కూర్చోకూడదు, మోకాలు ఆనించకూడదు, సంచి కింద పెట్టకూడదు. ఒడ్డున గడిపే ఆ గంట, గంటన్నర సేపూ మంచులోనో జారే రాళ్ళ మీదనో నిలబడే ఉండాలి. మోకాళ్ళ నొప్పులున్నవారు ఈ ఒక్క నియమం ముందుగా తెలుసుకుంటే తమకు ఏ ఓడ తగినదో తామే నిర్ణయించుకోగలరు. మా ఓడలో ఒక పెద్దావిడ మొదటి రోజు పది నిమిషాలకే తిరిగి పడవ ఎక్కవలసి వచ్చింది, ఆ తరువాత ఆమె ఒడ్డుకు రాలేదు.

ఏ రోజు ఎక్కడ దిగుతామన్నది కాగితం మీద రాసి ఇచ్చినా దాన్ని నమ్ముకోకూడదు. గాలి, మంచు, అలలు చూసి కెప్టెనూ యాత్రా నాయకుడూ ఉదయం నిర్ణయిస్తారు. మాకు అనుకున్న నాలుగు చోట్లలో రెండే దక్కాయి. నెకో హార్బర్ అనే చోట దిగినప్పుడు నీటి అంచున నిలబడవద్దనీ, హిమానీనదం నుంచి మంచు విరిగి పడితే అల వచ్చి ఒడ్డును ముంచుతుందనీ చెప్పి మమ్మల్ని గట్టు మీదికి పంపారు. అరగంట తరువాత అదే జరిగింది. కొందరు ప్రయాణికులు డబ్బు కట్టాము కాబట్టి దిగి తీరాలని సిబ్బందితో వాదించడం చూసి బాధ కలిగింది. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు వల ఎత్తి కట్టేసుకుని, ఇల్లు గడవడం కష్టమైనా నిషేధాన్ని పాటించే మన మత్స్యకారులు సముద్రం విషయంలో ఆ ప్రయాణికులకంటే ఎంతో తెలిసినవారు.

జబ్బు చేసినా ఎముక విరిగినా దగ్గరలో ఆస్పత్రి లేదు. ఓడలో ఒక వైద్యుడు ఉంటాడు. అంతకు మించిన చికిత్స కావాలంటే వాతావరణం అనుకూలించిన రోజున అంటార్కిటికా చేరువలోని కింగ్ జార్జ్ దీవి నుంచి విమానంలో చిలీలోని పుంటా అరీనాస్‌కు తరలించాలి. ఈ తరలింపు ఖర్చు భరించే బీమా తప్పనిసరి. మామూలు విదేశీ ప్రయాణ బీమాలో ధ్రువప్రాంతం కలిసి ఉన్నదో లేదో పత్రం చదివి చూసుకోవాలి. ఓడకే ప్రమాదం వస్తే ఏమిటన్న ప్రశ్న కూడా న్యాయమైనదే. 2007 నవంబరు 23న ఎం.ఎస్. ఎక్స్‌ప్లోరర్ అనే యాత్రా నౌక దక్షిణ షెట్లాండ్ దీవుల సమీపంలో మంచు తగిలి మునిగిపోయింది. సముద్రం శాంతంగా ఉండటం, మరొక ప్రయాణికుల ఓడ కొన్ని గంటల్లో చేరుకోవడం వల్ల అందులోని 154 మందీ ప్రాణాలతో బయటపడ్డారు. 2017 జనవరి 1 నుంచి ధ్రువజలాల్లో తిరిగే ఓడల నిర్మాణానికీ రక్షణ సామగ్రికీ సిబ్బంది శిక్షణకూ ప్రత్యేక అంతర్జాతీయ నియమావళి అమలులో ఉంది. మనం ఎక్కబోయే ఓడకు ఆ నియమావళి ప్రకారం ఇచ్చిన ధ్రువీకరణ పత్రం ఉన్నదా అని అడగడానికి ఎవరూ మొహమాటపడనక్కరలేదు.

మన దేశపు చట్టం గురించి కూడా ఒక మాట. భారతదేశం 1983లో అంటార్కిటిక్ ఒప్పందంలో చేరింది, అక్కడి మైత్రి, భారతి పరిశోధన కేంద్రాలలో మన శాస్త్రవేత్తలు పనిచేస్తున్నారు. 2022లో పార్లమెంటు భారత అంటార్కిటిక్ చట్టం చేసింది. అక్కడికి వెళ్ళే యాత్రలకు అనుమతులను, పక్షులను బెదరగొట్టడం, చెత్త పారవేయడం వంటి వాటికి శిక్షలను ఆ చట్టం నిర్దేశించింది. ఓడ ఏ దేశపు అనుమతితో వెళుతున్నదో చెప్పలేని ఏజెంటుకు డబ్బు కట్టకూడదని నా అభిప్రాయం. ఉత్తర ధ్రువప్రాంతంలో కూడా నియమాలు బిగిశాయి. మన హిమాద్రి పరిశోధన కేంద్రం ఉన్న, నార్వేకు చెందిన స్వాల్‌బార్డ్ దీవులలో 2025 జనవరి 1 నుంచి రక్షిత ప్రాంతాలకు రెండు వందలమందికి మించి ప్రయాణికులున్న ఓడలను రానివ్వడం లేదు. తెల్ల ఎలుగుబంటికి కనీసం 300 మీటర్లు, మార్చి నుంచి జూన్ దాకా 500 మీటర్లు దూరంగా ఉండాలి.

ఏటా లక్షమందికి పైగా అంటార్కిటికాకు వెళుతున్నారు. ఓడల పొగలోని మసి మంచు మీద పడి కరుగుదలను పెంచుతున్నదని శాస్త్రవేత్తలు చెబుతున్నారు. నేనూ ఆ లక్షమందిలో ఒకడినే కనుక ఎవరినీ వెళ్ళవద్దనే హక్కు నాకు లేదు. వెళ్ళేవారు తక్కువమందిని తీసుకెళ్ళే, ఇంధనం విషయంలోనూ చెత్త విషయంలోనూ లెక్క చెప్పగలిగే ఓడను ఎంచుకోవాలని మాత్రం గట్టిగా కోరుతున్నాను.

తమ పత్రికకు నా మనవి ఇది. ధ్రువయాత్రల ప్రకటన వేసేటప్పుడు ఓడలో ప్రయాణికులు ఎందరు, ఒడ్డుకు దింపుతారా లేదా, అత్యవసర తరలింపు బీమా ధరలో కలిసి ఉందా, ఏ దేశపు అనుమతి ఉంది అన్న వివరాలు అచ్చులో ఉండాలని ప్రకటనకర్తలను అడగండి. రాష్ట్ర పర్యాటక శాఖవారు కూడా తమ వద్ద నమోదైన ఏజెంట్లకు ఇదే నిబంధన పెట్టవచ్చు. మా ఓడవారు ఇచ్చిన ప్రయాణికుల సూచనలను తెలుగులోకి రాసి ఉంచాను, ఎనిమిది పేజీలు వచ్చింది. అన్నయ్య దాన్ని చదివి, ఇది ముందే దొరికి ఉంటే చిన్న ఓడ కోసం మరో ఏడాది ఆగేవాళ్ళమని అన్నాడు. పత్రిక ప్రచురించదలిస్తే ప్రతిని పంపగలను.

భవదీయుడు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు,
నెల్లూరు