కొత్తపట్నం ఒడ్డున తాడిచ్చిన పెద్దాయనకి

మొన్న ఆదివారం మేం సరదాగా పెట్టుకున్న తెరచాప పడవల పందెంలో, మధ్యాహ్నం గాలి ఒక్కసారిగా పెరిగేసరికి నా చుక్కాని పిడి విరిగి పడవ బోర్లాపడింది. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మరపడవలకి వేట నిషేధం కదా, ఒడ్డున వల బాగుచేసుకుంటున్న మీరు అది పక్కన పడేసి, తెప్ప వేసుకుని అలలు దాటి వచ్చారు. "తాడు వదలమాక అబ్బయా" అన్నారు, అంతే. తర్వాత విరిగిన పిడికి వెదురుబద్ద ఆనించి, వల దారం చుట్టి, ముడిని పళ్లతో లాగి మరీ బిగించారు. అది ఇంకా ఊడలేదు! పందెంలో ఆఖరున వచ్చాననుకోండి, అది వేరే సంగతి. డబ్బులివ్వబోతే కసిరారు, పేరు అడిగేలోపే వెళ్లిపోయారు. చాలా థ్యాంక్స్ పెద్దాయనా. మీ తువ్వాలు నా దగ్గరే ఉండిపోయింది, వచ్చే ఆదివారం ఉతికి పట్టుకొస్తా.