ఇన్వర్టర్ గూటికి మూత ఒక్కటే చాలదు

సంపాదకులకు నమస్కారాలు.

మూసి ఉన్న చోట్ల చేరే హైడ్రోజన్‌ను తొలగించే పాలిమర్ పదార్థాలు, ఉత్ప్రేరకాల (తాము ఖర్చు కాకుండా రసాయన చర్యను వేగిరపరిచే పదార్థాల) గురించి మీ విజ్ఞాన పేజీలో ఇటీవల వచ్చిన వ్యాసం చదివాను. విషయం మంచిది, చెప్పిన తీరూ బాగుంది. ఇళ్లలో వాడే సీసం, ఆమ్లం ఇన్వర్టర్ బ్యాటరీ ఛార్జ్ అయ్యేటప్పుడూ ఈ హైడ్రోజనే పుడుతుంది. అయితే మీ వ్యాసం చదివిన మర్నాడే మా వీధిలో ఒకరు పత్రిక చేత పట్టుకుని వచ్చి, "ఇంకేం బాబాయ్‌గారూ, ఇన్వర్టర్ గూటికి తలుపు బిగించేసుకోవచ్చన్న మాట" అన్నారు. అందుకే ఈ ఉత్తరం రాయక తప్పలేదు.

నేను టెలిఫోన్ ఎక్స్ఛేంజీ బ్యాటరీ గదిలో చాలా ఏళ్లు పనిచేసి రిటైరైన వాణ్ని. రెండు వోల్టుల సెల్లులు 24 వరసగా కలిపితే మా 48 వోల్టుల బ్యాటరీ. ఆ గదికి పైకప్పును ఆనుకుని ఎగ్జాస్ట్ ఫ్యాను ఉండేది. బీడీ, అగ్గిపెట్టె గుమ్మం బయటే వదిలి రావాలన్న నియమం ఉండేది. లోపల అడుగుపెట్టగానే గొంతులో గుచ్చుకునే వాసన ఆమ్లపు తుంపరదే గాని హైడ్రోజన్‌ది కాదు. హైడ్రోజన్‌కు రంగూ లేదు, వాసనా లేదు. వంట గ్యాసుకు కలిపినట్టు బ్యాటరీలో పుట్టే ఈ వాయువుకు వాసన కలిపే వీలు కూడా లేదు. పైగా వంట గ్యాసు నేల మీద పారితే, గాలికన్నా 14 రెట్లు తేలికైన హైడ్రోజన్ పైకి పోయి కప్పు కింద చేరుతుంది. గాలిలో 4 శాతం చేరితే చాలు మండగలదు, 75 శాతం దాకా ఆ గుణం పోదు. అంటించడానికి అగ్గిపుల్ల కూడా అక్కర్లేదు, బ్యాటరీకి తీగ బిగించే క్లాంపు ఊడదీసేటప్పుడు లేచే చిన్న రవ్వ సరిపోతుంది.

2018 అక్టోబరులో తిత్లీ తుపాను మా గజపతి జిల్లాను చీకట్లో ముంచిన తర్వాత పర్లాకిమిడిలో ఇన్వర్టర్‌ను ఎవరూ విలాసం అనుకోవడం లేదు. ఇళ్లేమో ఇరుకు. బ్యాటరీని మెట్ల కింద గూటిలో పెట్టేవారున్నారు, బట్టల అలమర అడుగున పెట్టేవారున్నారు, ఒక ఇంట్లోనైతే దేవుడి అరకు ఆనుకునే పెట్టారు. రోజూ రెండు పూటలా దీపం అక్కడే. మా పక్కింటివారు గత వేసవిలో బ్యాటరీ మార్చినప్పుడు, అమ్మినవారు ఉత్ప్రేరకం ఉన్న మూతలు బిగించి, ఇవి గ్యాసును మింగేస్తాయి, తలుపు వేసుకున్నా భయం లేదు అన్నారట. రెండు నెలలు తిరక్కుండానే మెకానిక్ వచ్చి తలుపు తీసి, ఛార్జింగ్ ఆపకుండా క్లాంపు ఊడదీశాడు. టప్‌మన్న చప్పుడుతో ఒక మూత ఎగిరి మెట్ల అడుగుకు తగిలింది. ఆమ్లం చొక్కా మీద పడింది గాని కళ్లలో పడలేదు. ఆ చొక్కా నేను చూశాను, ఛాతీ మీద జల్లెడలా చిల్లులు.

మూతలు మోసమని నేననడం లేదు. వాటి లోపల పల్లాడియమో ప్లాటినమో పూసిన చిన్న గుళికలు ఉంటాయి. సెల్లులోంచి లేచిన హైడ్రోజన్, ఆక్సిజన్ ఆ లోహపు ఉపరితలం మీద మంట లేకుండానే కలిసి ఆవిరై, చల్లబడి, నీటి బొట్లుగా మళ్లీ సెల్లులోకే జారిపోతాయి. అందువల్ల డిస్టిల్డ్ వాటర్ తరచూ పోయనక్కర్లేదు. అసలు చిక్కు పరిమాణం దగ్గర వస్తుంది. ఛార్జింగ్ నిండాక లోపలికి పోయే కరెంటు దాదాపు అంతా నీటిని విడగొట్టడానికే పోతుంది. ఫారడే సూత్రం ప్రకారం ఒక్కో సెల్లు ఒక్కో ఆంపియర్ అవరుకు, అంటే ఒక ఆంపియర్ కరెంటు గంటసేపు పారితే, సుమారు 0.42 లీటరు హైడ్రోజన్ ఇస్తుంది. 12 వోల్టుల బ్యాటరీలో ఆరు సెల్లులుంటాయి. ఛార్జరు చెడి 5 ఆంపియర్లు ఆగకుండా పోతుంటే గంటకు 12 లీటర్లు దాటుతుంది. రెండడుగుల వెడల్పు, రెండడుగుల లోతు, మూడడుగుల ఎత్తు ఉన్న గూటిలో పట్టే గాలి 340 లీటర్లు. అందులో 4 శాతం 13.6 లీటర్లు. బ్యాటరీ, ట్రాలీ ఆక్రమించే చోటు తీసేస్తే అంత కూడా అక్కర్లేదు. ఛార్జరు సరిగా ఉన్నంతకాలం ఇంత వాయువు రాదన్నది నిజమే, కాని అది చెడిందన్న సంగతి మూసిన తలుపు వెనక ఎవరికి తెలుస్తుంది?

అంత వాయువూ మూతల్లోనే కలిస్తే పుట్టే వేడి, ఆరింటికీ కలిపి, 45 వాట్ల బల్బుకు దాదాపు సమానం. మూత తట్టుకోలేనంత వాయువు వస్తే మిగిలినది బయటికే పోతుంది. ఆమ్లపు తుంపరకు గుళికలు తడిసినా, బ్యాటరీ సీసపు పలకల్లో కలిపే ఆంటిమొని అనే మూలకం నుంచి వచ్చే స్టిబీన్ వాయువు వాటికి పట్టినా ఉత్ప్రేరకం మందగిస్తుంది. మందగించిందని పైనుంచి చూస్తే తెలియదు.

ఇక మీ వ్యాసం ఎక్కువగా మెచ్చుకున్న గెట్టర్ పదార్థాలు, అంటే వాయువును తమలో పట్టి ఉంచేవి, వేరే రకం. కార్బన్ మీద పల్లాడియం పూసి, కార్బన్ పరమాణువుల మధ్య త్రిబంధాలు, అంటే మూడేసి బంధాలు, ఉన్న డీఈబీ అనే సేంద్రియ పదార్థంతో కలుపుతారు. ద్విబంధాలున్న రబ్బరు లాంటి పాలిమర్లనూ వాడతారు. హైడ్రోజన్ ఆ బంధాల్లో చేరి అక్కడే ఉండిపోతుంది. ఆక్సిజన్ అవసరం లేదు కాబట్టి గాలి లేని పెట్టెలోనూ ఇది పనిచేస్తుంది. సీలు వేసిన ఎలక్ట్రానిక్ పరికరాల్లో, ఆప్టికల్ ఫైబర్ కేబుళ్లలో ఏళ్ల తరబడి చుక్క చుక్కగా ఊరే హైడ్రోజన్‌కు ఇంతకన్నా మంచి ఉపాయం లేదనే చెప్పాలి. కాని డీఈబీ మూడు పాళ్లు, పల్లాడియం పూసిన కార్బన్ ఒక పాలు ఉన్న మిశ్రమం ఒక గ్రాము, లెక్క ప్రకారం, మహా అయితే 240 ఘన సెంటీమీటర్ల హైడ్రోజన్ తీసుకుంటుంది. అంటే పైన చెప్పిన చెడిన ఛార్జరుకు గంటకు 50 గ్రాములకు పైగా కావాలి, అదీ ఒక్కసారికే. త్రిబంధాలు నిండిపోయాక దాన్ని తీసి పారేయాల్సిందే. పల్లాడియం ధర తెలిసినవారికి మిగతాది చెప్పనక్కర్లేదు.

అణు విద్యుత్ కేంద్రాల్లో హైడ్రోజన్‌ను తొలగించడానికి పెట్టే ఉత్ప్రేరక పరికరాలు పెద్దవి, కరెంటు పోయినా వాటంతట అవే పనిచేస్తాయి. 2011 మార్చి 12న జపాన్‌లోని ఫుకుషిమా దాయిచీ అణు కేంద్రంలో ఒకటో యూనిట్ భవనం, 14న మూడోది హైడ్రోజన్ పేలుళ్లకు ఎగిరిపోయాక వాటి విలువ అందరికీ తెలిసింది. అంత దూరం పోనక్కర్లేదు. 2010 ఫిబ్రవరిలో మన విశాఖపట్నంలోనే సింధురక్షక్ జలాంతర్గామిలో బ్యాటరీ నుంచి వెలువడిన హైడ్రోజన్ అంటుకుని ఒక నావికుడు చనిపోయాడు. శిక్షణ పొందినవారు రాత్రింబవళ్లు కాపలా ఉండే చోట జరిగిన సంగతి అది.

కాబట్టి అలాంటి వ్యాసం వేసినప్పుడు, ఇళ్లలో వాడే బ్యాటరీకి గాలి ఆడే చోటే మొదటి రక్షణ అని, మూతలు ఆ తర్వాతి మాట అని ఒక్క వాక్యమైనా చేర్చవలసిందిగా కోరుతున్నాను. బ్యాటరీ ఆటోలను రేకుల షెడ్డుల్లో తలుపులు బిగించి రాత్రంతా ఛార్జింగ్ పెట్టే యజమానులకు ఈ మాట మరీ అవసరం. అక్కడ ఒక్కో బండికి నాలుగైదు బ్యాటరీలు, పక్కనే డ్రైవర్లు పడుకుంటారు. బ్యాటరీ మీది హెచ్చరికలు ఇంగ్లీషులో ఉంటున్నాయి. మా దగ్గర వాటిని బిగించే కుర్రాళ్లు తెలుగు, ఒడియా చదువుతారు. ఆ రెండు భాషల్లో ఒక చీటీ అతికించడం అమ్మేవారికి బరువేమీ కాదు.

మా పక్కింటివారు గూటి తలుపుకు జాలీ పెట్టించారు. వంట గ్యాసు బండకు చేసే అలవాటు కొద్దీ వడ్రంగి దాన్ని అడుగునే కోశాడు. నేను చూసి చెప్పాక, చివరికి పైన, మెట్ల అడుగుకు ఆనేటంత ఎత్తులో, జానెడు పొడవున మరొకటి కోయించారు.

ఇట్లు,
ఒక విశ్రాంత టెలిఫోన్ ఉద్యోగి,
పర్లాకిమిడి, గజపతి జిల్లా, ఒడిశా