4004 ఎమ్యులేటర్ వివరణలు: శనివారం రాత్రిలోగా పూర్తిచేయాలి

సభ్యులందరికీ నమస్కారం. మన ఎమ్యులేటర్‌లోని (పాత చిప్ పనితీరును అనుకరించే ప్రోగ్రామ్‌లోని) 4004 ప్రాసెసర్ భాగానికి, కోడ్‌లోనే రాస్తున్న వివరణలను ఈ ఆదివారం సాయంత్రం 6 గంటలకు ఆన్‌లైన్‌లో కలిసి సరిచూస్తాం.

1971లో ఇంటెల్ విడుదల చేసిన ఈ చిప్‌కు 16 పిన్నులే ఉండడంతో, అది మెమరీలో ఆదేశం ఉన్న చోటును తెలిపే 12 బిట్ల చిరునామాను కింది బిట్లతో మొదలుపెట్టి నాలుగేసి బిట్ల చొప్పున మూడు విడతలుగా పంపి, తర్వాతి రెండు విడతల్లో ఆదేశాన్ని అందుకొని, చివరి మూడింటిలో అమలు చేస్తుంది. మన కోడ్ ఈ ఎనిమిది దశలనూ ఒక్క అడుగులో ముగిస్తుంది కనుక, అసలు చిప్‌లో ఏం జరిగేదో చదివేవారికి చెప్పేది మన వివరణే. అందుకే దీనిపై నాకింత పట్టుదల.

ప్రతి ఒక్కరూ తమకు కేటాయించిన ఆదేశాలకు, క్యారీ బిట్ (కూడికలో పై స్థానానికి మిగిలేదాన్ని చూపే బిట్) ఎలా మారుతుందో తప్పక పేర్కొంటూ, శనివారం రాత్రిలోగా వివరణలు రాసి, తయారీదారు మాన్యువల్‌లోని పుట సంఖ్యను జతచేయండి.

మరొక్క మాట: సబ్‌రూటీన్ (మధ్యలో పిలిచి వాడుకునే చిన్న కోడ్ భాగం) ముగిశాక తిరిగి వెళ్లాల్సిన చోట్లను దాచే స్టాక్‌లో మూడు తిరుగు చిరునామాలకే చోటుంది, ఒకదానిలోంచి మరొకటిగా వచ్చే నాలుగో సబ్‌రూటీన్ పిలుపుతో మొదటిది చెరిగిపోతుంది. అది చిప్ స్వభావమే కాబట్టి, లోపమనుకొని ఎవరూ కోడ్‌ను మార్చవద్దని మనవి.