చవక రౌటర్ టేబుల్‌కి తెలుగు కాగితం ఏది?

అయ్యా,

మా బొబ్బిలి వీణలకు పేరు. నాది మాత్రం తలుపుల పని. నిరుడు చవకలో రౌటర్ టేబుల్ (చెక్క అంచులు, గాడులు కోసే మిషన్ బిగించిన బల్ల) కొన్నాను. మొదటి వారమంతా టేకు మీద కాలిన మచ్చలే! స్కేలు పెట్టి చూస్తే మధ్య ప్లేటు బల్ల కన్నా కాస్త కిందికి ఉంది. పాత పెళ్లిపత్రిక కత్తిరించి కింద పెడితే సమమైంది. చెక్క ఆనించి తోసే ఫెన్స్ వంకరగా ఉంటే తీసేసి, చిత్రిక పట్టిన టేకు పట్టీ బిగించాను. ఇప్పుడు ఒకేసారి లోతుగా కొయ్యను, మూడు విడతలు చేస్తాను. పెద్ద బిట్‌కి (తిరుగుతూ కోసే ములికి) స్పీడు తగ్గిస్తాను. మచ్చల్లేవు.

చెక్కను కుడి నుంచి ఎడమకు తోయాలి. ఎడమ నుంచి కుడికి తోస్తే మిషన్ లాగేసుకుంటుంది, వేళ్లకే ప్రమాదం. కొట్టువాడు ఆ ముక్క చెప్పలేదు, ఇచ్చిన కాగితమేమో ఇంగ్లీషులో ఉంది. కనీసం ఈ జాగ్రత్తలైనా తెలుగులో అచ్చువేసి ఇచ్చేలా అధికారులు చూడాలి.

– ఒక వడ్రంగి, బొబ్బిలి, విజయనగరం జిల్లా