నన్ను నిద్రపోనిచ్చిన వాళ్ళకి వందనాలు

అందరికీ ప్రభువు పేరట వందనాలు.

ఈరోజు 2024 నవంబరు 6. కోనసీమ వాళ్ళకి ఈ తేదీ గురించి చెప్పక్కర్లేదు. 1996లో ఈ రాత్రే తుఫాను మా మీద పడింది. దీపావళి ఇంకో నాలుగు రోజులుంది. నాకు తొమ్మిదేళ్ళు, తమ్ముడికి అయిదు. మా తాటాకిల్లు నిలవదని నాన్న మమ్మల్ని ఊళ్ళో ప్రార్థన మందిరానికి తీసుకెళ్ళాడు. "తమ్ముడి చెయ్యి వదలకు" అంది అమ్మ. పైన రేకులు లేచిపోతున్న చప్పుడికి నేను రెండు చెవులూ మూసుకున్నాను. గోడ పడింది. ఇంతవరకే రాస్తాను.

ఏటా ఈ రోజున ఫోను ఆపేసి, గదిలో తలుపేసుకుని పడుకునేదాన్ని. ఈ ఏడు మాత్రం పొద్దున్నే లేచి, వంట చేసి, పాపని బడికి పంపి ఇది రాస్తున్నాను. అలా ఉండగలిగానంటే దాని వెనక కొంతమంది ఉన్నారు. వాళ్ళ పేర్లు రాయొద్దన్నారు కాబట్టి రాయడం లేదు. చదివితే ఎవరి మాటో వాళ్ళకి తెలుస్తుంది.

మొదటి వందనం ఎవరో తెలియని ఒకమ్మాయికి. నిరుడు డిసెంబరులో మిచౌంగ్ తుఫాను బాపట్ల దగ్గర తీరం దాటింది కదా, దానికి ముందు రాత్రి విజయవాడలో గాలికి మా వంటింటి కిటికీ రెక్క కొట్టుకోవడం మొదలుపెట్టింది. నేను బాత్రూంలో నేలమీద, చెవులు మూసుకుని, తమ్ముణ్ణి పిలుస్తున్నానట. మా ఆయనకి ఏం చెయ్యాలో తోచక 14416కి ఫోన్ చేశారు. టెలిమానస్ అంటారు, మనసు బాధలకి సర్కారు పెట్టిన ఫోను లైను, ఏ వేళప్పుడు చేసినా డబ్బు కట్టకుండా తెలుగులో మాట్లాడొచ్చు. ఆ అమ్మాయి నాకు ఏ ధైర్యమూ చెప్పలేదు. "అక్కా, కాళ్ళ కింద నేల చల్లగా ఉందా? బకెట్టు ఏం రంగు?" అని అడుగుతూ కూర్చుంది. నీలం. దాదాపు ముప్పావుగంట. మర్నాడు డాక్టరు దగ్గరికి వెళ్ళమని కూడా తనే గట్టిగా చెప్పింది. ఆ డాక్టరుగారు మొదటి రెండు నెలలు నిద్రకి మందిచ్చారు. ఆయనకీ నా నమస్కారం.

ఇంతకుముందు సాయం అడగలేదా అంటే, అడిగాను. ఇరవై రెండేళ్ళప్పుడు ఒక ఉపవాస ప్రార్థన కూటంలో ధైర్యం చేసి చెప్పుకున్నాను. "ఒప్పుకోని పాపమేదో ఉంది, అందుకే ఈ భయం" అన్నారు. నేను నమ్మాను. ఎందుకంటే నా పాపం ఏమిటో నాకు ముందే తెలుసు కదా, చెయ్యి వదిలేశాను. 21 రోజులు ఉపవాసం ఉన్నాను. ఉన్న కాస్త నిద్రా పోయింది. వాళ్ళమీద ఇప్పుడు నాకు కోపం లేదని రాద్దామనుకున్నాను గానీ, కొంచెం ఉంది.

అందుకే మా పాస్టరుగారి దగ్గరికి భయపడుతూనే వెళ్ళాను. అంతా విని ఆయన బైబిలు తెరవలేదు. "టిఫిన్ తిన్నావా అమ్మా?" అన్నారు. పాస్టరమ్మగారు ఉప్మా పెట్టారు. తింటుంటే అన్నారు: "ఏలీయా ఇక చచ్చిపోతానని చెట్టు కింద పడుకుంటే దేవదూత ఏం చేశాడు? రొట్టె, నీళ్ళు పెట్టాడు. తిని మళ్ళీ పడుకుంటే పడుకోనిచ్చాడు. ప్రసంగం చెయ్యలేదు." ఆ తర్వాత మా చర్చి వెనక గదిలో వారానికి రెండు రోజులు కూర్చునే కౌన్సెలర్ మేడమ్ దగ్గరికి తానే తీసుకెళ్ళారు. ఆవిడ చదువుకున్న సైకాలజిస్టు, విశ్వాసి కూడా.

మేడమ్ చెప్పిన వైద్యం పేరు ఈఎండీఆర్. ఐ మూవ్‌మెంట్ డీసెన్సిటైజేషన్ అండ్ రీప్రాసెసింగ్. కళ్ళు అటూ ఇటూ తిప్పితే జ్ఞాపకం నయమవుతుందంటే నాకు నవ్వొచ్చింది. పైగా ఇది హిప్నాటిజమేమో, మన విశ్వాసానికి పడదేమో అని మా ఆడబడుచు టెన్షన్ పడింది. మేడమ్ విసుక్కోకుండా చెప్పారు. ఇందులో నిద్రపుచ్చేది లేదు, కళ్ళు తెరిచే ఉంటాయి, చెయ్యెత్తితే ఆ క్షణాన ఆపేస్తాను అని. ఫ్రాన్సీన్ షపీరో అనే అమెరికా సైకాలజిస్టు 1987లో పార్కులో నడుస్తుండగా, కళ్ళు అటూ ఇటూ కదులుతుంటే తన మనసులో బాధపెట్టే ఆలోచన పదును తగ్గడం గమనించిందట. అక్కణ్ణించి మొదలై, 1989లో తొలి పరిశోధన అచ్చయింది. 2013లో ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా ఇలాంటి బాధలకి ఈ పద్ధతిని సూచించింది. ఎందుకు పనిచేస్తుందన్న దానిమీద పరిశోధకుల్లో ఇంకా ఒక్క మాట లేదని కూడా ఆవిడే చెప్పారు. ఆ దృశ్యాన్నీ పట్టుకోవాలి, కదిలే వేలినీ పట్టుకోవాలి; మనసుకి రెండూ ఒకేసారి చెయ్యడం బరువై దృశ్యం పలచబడుతుందని కొందరు అంటారట. తెలియనిది తెలియదని చెప్పే మనిషి కాబట్టి నాకు నమ్మకం కుదిరింది.

మొదటి నాలుగు గురువారాలు అసలు తుఫాను జోలికే పోలేదు. నా కథ విన్నారు, నెమ్మదిపడే చోటొకటి మనసులో తయారు చేయించారు. నేను మా అమ్మమ్మగారి ఊళ్ళో కాలువ రేవు ఎంచుకున్నాను. చేతులు రొమ్ముమీద అడ్డంగా వేసుకుని, సీతాకోకచిలుక రెక్కల్లా ఒకటి తర్వాత ఒకటి తట్టుకోవడం నేర్పారు. మెక్సికోలో పాలీన్ తుఫాను దెబ్బతిన్న పిల్లల కోసం పుట్టిందట అది. ఆ తుఫాను 1997లో వచ్చింది, మాకు తుఫాను వచ్చిన మరుసటి ఏడే. ఆ మాట విన్నాక, ముఖం తెలియని ఆ పిల్లలు నాకు చుట్టాల్లా అనిపించారు.

అయిదో గురువారం అసలు పని. ఏ దృశ్యం? గోడ. దాన్ని చూస్తే నా గురించి నాకు ఏమనిపిస్తుంది? "తప్పు నాదే." బాధ సున్నా నుంచి పది దాకా ఎంత? తొమ్మిది. ఒంట్లో ఎక్కడ? కుడి అరచేతిలో. మేడమ్ నా ఎదురుగా కొంచెం పక్కకి కూర్చుని రెండు వేళ్ళు లేపి అటూ ఇటూ కదిపారు, బస్సు అద్దం మీద వైపర్‌లా. చూపుడువేలి మీద పెన్ను సిరా మరక ఉంది. పాతికసార్లో ముప్ఫైసార్లో తిప్పాక ఆపి, "ఊపిరి తీసుకుని వదలండి. ఇప్పుడేం వచ్చింది?" అంటారు. ఏదొచ్చినా సరే, "దాంతోనే ఉండండి" అని మళ్ళీ వేళ్ళు లేపుతారు. తడిసిన తాటాకు వాసన వచ్చింది. నాన్న దగ్గు వచ్చింది. ఒకసారి ఏమీ రాలేదు, పక్క గదిలో పాటల ప్రాక్టీసు వినబడింది. అదీ చెప్పాను.

అసలు పని మొదలయ్యాక మూడో వారం అనుకుంటా, నేను గట్టిగా అరిచేశాను. "ప్రభువా, పడవలో ఉన్నవాళ్ళ కోసం లేచి గాలిని గద్దించావు, మా ఊళ్ళో ఎందుకు లేవలేదు?" అని. సండే స్కూల్ రోజుల నుంచీ ఆ వాక్యం చదువుతుంటే మంచినీళ్ళ వంకతో బయటికి వెళ్ళిపోయేదాన్ని. ఎందుకో నాకే తెలియదు. మేడమ్ జవాబు చెప్పలేదు. సర్దిచెప్పలేదు. "దాంతోనే ఉండండి." తర్వాత నేను సిగ్గుపడి క్షమాపణ అడిగితే, "కీర్తనల్లో ఇంతకంటే గట్టిగా అడిగినవాళ్ళున్నారు లెండి" అన్నారు. ఆవిడ ప్రతిసారీ ప్రార్థన చెయ్యమంటారా అని అడిగేవారు. వద్దన్న రోజున చెయ్యలేదు. "ఆ గదిలో ప్రభువుని చూడండి" అని ఒక్కసారి కూడా నా మనసులోకి బొమ్మ తోయలేదు. ఆ ప్రశ్నకి నాకింకా జవాబు దొరకలేదు. కానీ ఇప్పుడు బయటికి లేచి వెళ్ళడం లేదు.

ఇదంతా సాఫీగా సాగిందని చెబితే అబద్ధం. ఆ వారం కలలు ముందుకంటే ఎక్కువయ్యాయి. పాప మీద ఊరికే అరిచాను. మానేస్తానన్నాను. గురువారం సాయంత్రాలు పాపని చూసుకున్న క్వయర్ అక్క, "మానేద్దువులే, ఈ ఒక్కవారం వెళ్ళిరా" అని నాలుగు వారాలు అలాగే పంపింది. మా ఆయన ప్రతిసారీ బయట బండి మీద కూర్చునే ఉన్నారు, ఏం జరిగిందని ఒక్కసారీ అడగకుండా, చెరుకురసం మాత్రం తాగించి. (వీడియోలు చూసి ఇంట్లో సొంతంగా మొదలుపెడదామనుకునేవాళ్ళకి ఒక్క మాట: వద్దు. ఆ వారం పక్కన తెలిసిన మనిషి లేకపోతే నేనేమయ్యేదాన్నో.)

తొమ్మిదో గురువారం నా చెయ్యి కనబడింది. చెవి మీద పెట్టుకున్న చెయ్యి. అమ్మ సంతలో కొన్న ఎర్ర గాజులున్నాయి. ఆ గాజులు ఎంత చిన్నవో! నేను ఇన్నేళ్ళూ ఆ గోడ పక్కన ఇప్పటి నన్నే నిలబెట్టుకుని తిట్టుకున్నాను. ఆ ఆదివారం బీసెంట్ రోడ్డులో పాపకి గాజులు కొంటుంటే కొట్టతను "ఒకటి పద్నాలుగు సైజు సరిపోద్దమ్మా" అని చేతిలో పెట్టాడు. మా పాపకీ తొమ్మిదేళ్ళే. అక్కడే నిలబడి ఏడ్చాను. పాపం అతను రేటు తగ్గించాడు.

మొత్తం పద్నాలుగు సార్లు వెళ్ళాను. గోడ ఇప్పటికీ ఉంది, తమ్ముడు లేని బాధా ఉంది. కానీ అది 1996లో ఉంది. తొమ్మిది కాస్తా ఒకటికి వచ్చింది. ఆ ఒకటి వాడి కోసం ఉండనివ్వమన్నాను, మేడమ్ సరేనన్నారు. మొన్న బుడమేరు పొంగినప్పుడు చర్చిలో పులిహోర పొట్లాలు కట్టాను. రాత్రి వాన పడుతుంటే నిద్రపోయాను కూడా.

ఈ పొద్దున అమ్మకి ఫోన్ చేశాను. ఇరవై ఎనిమిదేళ్ళలో మా ఇంట్లో ఎవరూ తీయని తమ్ముడి పేరు తీశాను. అమ్మ చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత అంది: "గాలి తగలదని మిమ్మల్ని ఆ గోడవార కూర్చోబెట్టింది నేనే కదే."

మేడమ్‌ని అడిగి వచ్చే గురువారం అమ్మకి టైమ్ తీసుకున్నాను. అమలాపురంలో బస్సెక్కించడానికి పిన్ని వస్తానంది.