చెరువు పని అంచనాలు ఆయకట్టు ముందు చదవాలి: నీటిపారుదల శాఖ మంత్రికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన నీటిపారుదల శాఖ మంత్రి గారికి నమస్కారం.

వరంగల్, ములుగు జిల్లాల చెరువుల కింద సాగు చేసుకునే రైతులలో ఒకడిగా ఈ లేఖ రాస్తున్నాను. చెరువుకు ఏ పని కావాలో నిర్ణయించే చోట, ఆ నీళ్లతో బతికేవారికి చోటు లేదన్నది నా ఫిర్యాదు.

పాకాల, రామప్ప, లక్నవరం చెరువులను కాకతీయుల కాలంలో పాలకులూ సామంతులూ కట్టించినా, వందల ఏళ్లు వాటిని కాపాడింది ఊళ్లలోని కట్టుబాట్లే. చెరువు బాగోగులు చూసినవారికి దశబంధం అనే ఇనాము (మాన్యం) ఉండేది. తూము ఎప్పుడు తీయాలో, ఏ మడికి ఎంత నీరు పారాలో నీరటి చూసుకునేవాడు, పంట వచ్చాక రైతులు అతనికి వడ్లు కొలిచేవారు. ఆ ఏర్పాటులో కులాల హెచ్చుతగ్గులూ ఉన్నాయి గనుక దాన్ని ఉన్నదున్నట్టు తిరిగి తెమ్మని కోరను. నీటి లెక్క తెలిసి, అడిగితే జవాబు చెప్పే మనిషి కట్ట మీద ఉండటమే నేను కోరేది.

1997 నాటి చట్టం సాగునీటి సంఘాలకు ఈ బాధ్యతనే అప్పగించింది, కానీ మా వైపు అవి పేరుకే మిగిలాయి. 2015లో మొదలైన మిషన్ కాకతీయలో పూడిక తీసే ఖర్చు ప్రభుత్వం పెట్టుకుంటే, ఒండ్రును పొలాలకు తోలుకునే ఖర్చు రైతులు భరించారు. అంత చేసిన రైతును తూము షట్టరు గురించో, పిల్లకాలువల గురించో ఒక్క మాట అడిగి ఉండవలసింది.

అయితే ఊరంతా ఒకే మాట మీద ఉంటుందని నేను అనుకోవడం లేదు. యాసంగి చివర్లో ఆఖరి తడి కోసం తూము తీయమని ఆయకట్టు రైతు అడుగుతాడు. చేపలు బతకాలంటే చెరువు అడుగున కొంత నీరు మిగలాలని మత్స్య సహకార సంఘం అంటుంది. మత్తడి (నిండిన నీరు పొర్లిపోయే చోటు) ఎత్తు పెంచితే శిఖం (చెరువు లోపలి భూమి) అంచున సాగు చేసేవారి పంట మునుగుతుంది. కార్యాలయంలో గీసిన నక్షాతో ఈ తగాదా తీరదు. కాలువ చివరి మడుల రైతులు, కౌలుదారులు, మత్స్యకారులు, నాట్లు వేసే మహిళలు కలిసి కూర్చున్న చోటే అది తేలాలి.

కాబట్టి టెండరుకు ముందే ప్రతి పని అంచనాను గ్రామసభలో తెలుగులో చదివించండి. బిల్లు చెల్లించే ముందు ఆయకట్టు సంఘం సంతకం తప్పనిసరి చేయండి. సాగునీటి సంఘాలకు ఎన్నికలు జరిపి, చిన్న మరమ్మతులకు కొంత నిధిని వాటి చేతికే ఇవ్వండి. ఎఫ్‌టీఎల్ (చెరువు పూర్తిగా నిండినప్పటి నీటిమట్టం) హద్దురాళ్లను ఊరివారి ఎదుటే పాతించండి. రాత్రికి రాత్రి రాయి జరిగితే మొదట తెలిసేది వారికే. వచ్చే వేసవి పనుల అంచనాలు తయారయ్యేలోపే ఈ ఉత్తర్వులు వెలువడాలని విన్నవిస్తున్నాను.

ఇట్లు,
ములుగు జిల్లా ఆయకట్టు రైతు