ఉప్పు మార్చే ముందు ఒకసారి చదవండి

అనంతపురం గ్రూపులోని అన్నలకు, అక్కలకు,

తక్కువ సోడియం ఉప్పు గురించి నిన్నటి నుంచి అడుగుతున్నారు కాబట్టి ఇది. చైనాలో 600 పల్లెల్లో 20,995 మందిపై జరిగిన అధ్యయనం 2021లో వచ్చింది. వాళ్లంతా అంతకుముందే పక్షవాతం వచ్చినవాళ్లు, లేదా 60 దాటి బీపీ ఉన్నవాళ్లు. సగం పల్లెలకు 75 శాతం సోడియం క్లోరైడ్, 25 శాతం పొటాషియం క్లోరైడ్ కలిపిన ఉప్పు ఇచ్చారు. సుమారు ఐదేళ్లకు, మామూలు ఉప్పు వాడిన మిగతా పల్లెలకంటే ఆ పల్లెల్లో పక్షవాతం 14 శాతం, మరణాలు 12 శాతం తక్కువ.

అయితే తీవ్రమైన కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లను ఆ అధ్యయనంలో చేర్చుకోలేదు. దెబ్బతిన్న కిడ్నీ పొటాషియంను సరిగా బయటికి పంపలేదు, అది రక్తంలో పేరుకుంటే గుండె లయ తప్పుతుంది. షుగరు చాలా ఏళ్లుగా ఉన్నవాళ్లు ముందు క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు తెలిపే రక్తపరీక్ష) చూపించుకోండి. స్పిరోనోలాక్టోన్, రామిప్రిల్, టెల్మిసార్టాన్ లాంటి, పొటాషియంను పెంచగల బీపీ, గుండె మాత్రలు వాడేవాళ్లు డాక్టరును అడగకుండా మార్చొద్దు. మామూలు ఉప్పుకు బదులు ఇలాంటి ఉప్పు వాడొచ్చన్న డబ్ల్యూహెచ్‌ఓ (ప్రపంచ ఆరోగ్య సంస్థ) 2025 సిఫార్సు గర్భిణులకు, పిల్లలకు వర్తించదు.

ప్యాకెట్ వెనక ‘పొటాషియం క్లోరైడ్’, ‘అయోడిన్’ రెండూ ఉన్నాయా చూడండి. సైంధవ లవణం దీనికి బదులు కాదు, అదీ దాదాపు సోడియం క్లోరైడే! తక్కువ సోడియం ఉప్పు కాస్త చేదు తగలొచ్చు, పులుసులో అంతగా తెలియదు.

ఉప్పు లెక్క: మనిషికి రోజుకు 5 గ్రాముల లోపు, నలుగురికి నెలకు 600 గ్రాములు. ఊరగాయ, అప్పడం, చెనిక్కాయ ఊరిమిండిలో పడేదీ అందులోదే.